ఎంఎంటీఎస్‌తో ఇరవయ్యేళ్లు, మధ్యలో ఏడాదిన్నర కారు

మా ఇల్లు హైదరాబాద్‌ సీతాఫల్‌మండిలో. ఆఫీసు మాదాపూర్‌లో, అకౌంట్స్ పని. 2004లో చేరాను, అప్పటి నుంచి జేబులో ఎంఎంటీఎస్, అంటే మా ఊరి లోకల్ రైలు, సీజన్ టికెట్ ఉంది. కరోనా వచ్చాక మాత్రం ఏడాదిన్నర పాటు అదే దారిలో కారులో తిరిగాను. రైలూ, రోడ్డూ రెండూ వాడినవాడిగా, ప్రజల డబ్బు రెంటిలో దేనికి ఎంత వెళ్తోందో గమనిస్తూ వచ్చినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు రైలు సంగతి. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి వెళ్లే బండి ఆర్ట్స్ కాలేజీ దాటి మా స్టేషన్‌కి వస్తుంది. అక్కడ ఎక్కితే సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్కు, బేగంపేట... హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగేసరికి, బండి సరిగ్గా నడిస్తే, ముప్పావు గంట లోపే. దిగాక షేర్ ఆటో. టికెట్ అయిదూ పది రూపాయల లెక్క. నెల మొత్తానికి సీజన్ టికెట్‌కి పెట్టే డబ్బుతో నా కారు రెండు రోజులు కూడా తిరగదు.

ఈ బండిలో ఎవరెవరు వెళ్తారో లోపల నిలబడి చూస్తే తెలుస్తుంది. మలక్‌పేటలో, యాకుత్‌పురాలో ఎక్కిన కుట్టుపనివాళ్లు, బేగంపేటలో దిగే ఆస్పత్రి ఆయాలు, మెడలో ఐడీ కార్డులేసుకున్న పిల్లలు, భరత్‌నగర్‌లో దిగే తాపీమేస్త్రీలు. తోటకూర, గోంగూర కట్టల మూటతో ఒకావిడ చాలా ఏళ్లు మా పెట్టెలోనే వచ్చేది. తలుపు పక్కన మూట ఆనించి, దాని మీద తడిగుడ్డ కప్పి, ప్రతి స్టేషన్‌లోనూ ఆ గుడ్డ ఎత్తి ఆకులు చూసుకునేది. బండి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే నాకు ఆఫీసులో ఒక సంతకం ఆలస్యం. ఆమెకి ఆకులు వాడిపోతాయి, బేరం తగ్గుతుంది.

ఆలస్యానికి మూలం తెలియాలంటే పట్టాలు చూడాలి. మా దారిలో ఎంఎంటీఎస్‌కి తన సొంత లైను లేదు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ నడిచే పట్టాల మీదే ఇదీ నడవాలి. దూరప్రాంతపు బండి వస్తుంటే లోకల్ ఆగాల్సిందే. సాయంత్రం తిరుగు ప్రయాణంలో జేమ్స్ స్ట్రీట్ దాటాక, సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం ఖాళీ లేక ఔటర్లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, నిలబడటం మాకందరికీ అలవాటైంది. ఓ రోజు అలాగే నిలబడితే ఒక కుర్రాడు బ్యాగు ముందుకు తిప్పుకుని కిందికి దూకబోయాడు. పక్క లైన్లో ఏదో బండి హారన్ వినిపిస్తోంది. వెనకనున్న పెద్దావిడ అతని చొక్కా పట్టుకుని లాగింది. "ఆగు బిడ్డా, అయిదు నిమిషాలల్ల పోదం గదా, ఇంటికాడ అమ్మ సూస్తుంటది" అంది. అతను కూర్చున్నాడు. ఆ చొక్కా పట్టుకున్న చెయ్యి నాకింకా గుర్తే. అక్కడ ఇంకో జత పట్టాలుంటే ఆ కుర్రాడికి దూకాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

ఇక డబ్బు దగ్గరికి వస్తాను, నా వృత్తి కూడా అదే కాబట్టి.

2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ మొదటి దశకి అయిన ఖర్చు సుమారు 178 కోట్లు. రాష్ట్రమూ రైల్వేలూ కలిసి పెట్టాయి. పట్టాలు నిజాం కాలం నుంచీ ఊరి మధ్యలోంచి పోతూనే ఉన్నాయి. స్టేషన్లు కట్టి, సిగ్నళ్లు సరిచేసి, బండ్లు తెచ్చి వాటిని ఊరి జనానికి అందుబాటులోకి తెచ్చారు. భూసేకరణ పెద్దగా లేదు, ఇళ్లు కూల్చింది తక్కువ. ఇంత తక్కువ డబ్బుతో ఇంతమందికి పనికొచ్చిన పని హైదరాబాద్‌లో ఇంకోటి నాకు కనిపించలేదు. 2020 సెప్టెంబర్‌లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఒక్కదానికే 184 కోట్లు అయ్యాయి. రూపాయి విలువలో పదిహేడేళ్ల తేడా ఉందని తెలుసు, దాన్ని తీసేసి చూసినా తూకం ఎటు మొగ్గుతుందో అర్థమవుతుంది.

రెండో దశ కథ నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో, 2012-13లో ఒప్పుకున్న ప్రాజెక్టు అది. అంచనా 816 కోట్లు, మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే. ఘట్‌కేసర్, మేడ్చల్, ఉందానగర్, రామచంద్రాపురం వైపు పొడిగింపులు, సనత్‌నగర్ నుంచి మౌలాలికి బైపాస్ లైను, అన్నీ అందులోనే. రాష్ట్రం రెండైంది, వాటా డబ్బు ఏళ్ల తరబడి పూర్తిగా రాలేదు, ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. మేడ్చల్, ఉందానగర్ బండ్లు కదిలింది 2023 ఏప్రిల్‌లో. ఘట్‌కేసర్ నుంచి సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి బండి వచ్చింది 2024 మార్చిలో. పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్లలో ఘట్‌కేసర్ పక్కన ఇల్లు కట్టుకున్న నా తోటి ఉద్యోగి కూతురు బడిలో చేరి ఇంటర్మీడియట్‌కి వచ్చింది. ఆయన రోజూ ఉప్పల్ మీదుగా బైకు మీదే వచ్చాడు. ఇప్పుడు బండి ఉంది, కానీ రోజుకి కొద్ది ట్రిప్పులే. ఆయన షిఫ్టుకి కలిసేది ఒక్కటీ లేదు, ఇప్పటికీ బైకే.

అదే కాలంలో రోడ్లకి డబ్బు ఆగినట్టు నేను చూడలేదు. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు, సుమారు 6,700 కోట్లు. అది మంచి రోడ్డే, కాదనను. మా అత్తగారి ఊరు శంకర్‌పల్లి దగ్గర. ఓ రాత్రి ఆమెకి గుండెనొప్పి వస్తే కోకాపేట మీదుగా ఎంత త్వరగా ఊళ్లోకి తీసుకురాగలిగామో నాకు తెలుసు. ఆ రోడ్డు వేసినవాళ్లకి ఆ రాత్రికి గాను నా నమస్కారం. 2023లో ఆ రోడ్డుని ముప్పై ఏళ్లకి లీజుకిస్తే ప్రభుత్వానికి 7,380 కోట్లు వచ్చాయి. ఆ ఒక్క చెక్కుతో ఎంఎంటీఎస్ రెండో దశ లాంటివి, పాత అంచనా ప్రకారం, తొమ్మిది కట్టొచ్చు. రోడ్డు మీద వచ్చిన డబ్బులో కొంతైనా ఊళ్లో రైలుకి వెళ్లాలని ఒక్క బడ్జెట్ రోజునైనా ఎవరైనా గట్టిగా అడుగుతారని ఎదురుచూశాను. ఇప్పుడు ఆ ఔటర్ రింగ్ రోడ్డు బయట సుమారు 340 కిలోమీటర్ల రీజినల్ రింగ్ రోడ్డు వస్తోంది. దాని భూమి ఖర్చులో సగం వాటాకి ఒప్పుకున్న రాష్ట్రానికి, రైలు వాటా దగ్గర మాత్రం ఎందుకు అంత కష్టమైందో నా అకౌంట్స్ బుర్రకి ఈనాటికీ అందలేదు.

కారు అనుభవం చెప్తాను. 2020 మార్చిలో ఆగిన లోకల్ బండ్లు 2021 జూన్ దాకా కదల్లేదు. కదిలాక కూడా మొదట పది సర్వీసులే. నేను 2020 అక్టోబర్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ప్యారడైజ్, బేగంపేట, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 ఫ్లైఓవర్, కేబుల్ బ్రిడ్జి. కొత్తల్లో జనం తక్కువ, నలభై నిమిషాల్లో ఆఫీసు. చాలా సంతోషించాను. ఆఫీసులు తెరిచేకొద్దీ అది గంటైంది, గంటన్నరైంది. బ్రిడ్జి మీద రెండు నిమిషాలు, బ్రిడ్జి దిగాక ఇరవై నిమిషాలు. ఫ్లైఓవర్ ట్రాఫిక్‌ని తర్వాతి కూడలికి జరుపుతుంది, అంతే. అక్కడ మళ్లీ ఇంకో ఫ్లైఓవర్ కావాలంటారు, కడతారు. 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచారు, ఆ పక్కన ఇంకోటి లేచింది. ఎడమకాలు క్లచ్ మీద పెట్టీ పెట్టీ మోకాలు పట్టేసింది. ఎడమకాలి నొప్పి అనగానే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "రోజూ ఎంతసేపు డ్రైవ్ చేస్తారు?" అని. పెట్రోలు, పార్కింగ్, సర్వీసింగ్ కలిపి నెలకి తొమ్మిది వేలకు పైనే లెక్క తేలింది. 2022 మొదట్లో లోకల్ రైళ్ల సంఖ్య కాస్త పెరగ్గానే మళ్లీ సీజన్ టికెట్ తీసుకున్నాను.

తిరిగి ఎక్కాక తేడా కనిపించింది. కరోనాకి ముందు రోజుకి నూట ఇరవై దాకా సర్వీసులు ఉండేవి, అన్నీ తిరిగి రాలేదు. ఎదురుచూసి విసిగిన వాళ్లు మెట్రోకో బైకుకో పోయారు. 2023 డిసెంబర్‌లో బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం వచ్చాక మా పెట్టెలో తెలిసిన ముఖాలు ఇంకా తగ్గాయి. వాళ్లని తప్పు పట్టను. గంటకో బండి ఉంటే ఎవరు మాత్రం నమ్ముకుంటారు? జనం తగ్గారు కాబట్టి బండ్లు పెంచక్కర్లేదనే మాట మొదలైతే మాత్రం అది చాలా అన్యాయం. ఖాళీ ప్లాట్‌ఫారాన్ని చూసి ఎవరికీ రైలు అక్కర్లేదనుకోవడం, నీళ్లు రాని కుళాయి దగ్గర బిందెలు లేవని దాహం లేదనుకోవడమే.

మార్కులు వేయమంటే: రైలు ప్రయాణానికి అయిదుకి నాలుగు. టికెట్ ధరకి అయిదుకి అయిదు. బండి ఎప్పుడొస్తుందన్న నమ్మకానికి ఒకటిన్నర. ఊరి బయట ఔటర్ రింగ్ రోడ్డుకి నాలుగు. ఊరి లోపల ఫ్లైఓవర్లకి రెండు, అదీ అర్ధరాత్రి వాడేవాళ్ల కోసం.

కొత్తగా ఏడు జిల్లాలకి లైన్లు పొడిగించమని నేను అడగను. నేను అడిగేది ఇంతే: సికింద్రాబాద్, లింగంపల్లి మధ్య లోకల్ కోసమే విడిగా రెండు లైన్లు, పొద్దున ఎనిమిది నుంచి పదింటి దాకా, సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిదింటి దాకా పదిహేను నిమిషాలకో బండి, హైటెక్ సిటీ స్టేషన్ బయట బండి టైముకి నిలబడే బస్సు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరుచుకుంది కాబట్టి దూరప్రాంతపు బండ్లు కొన్ని అటు మళ్లితే సికింద్రాబాద్‌లో లోకల్‌కి చోటు దొరకాలి. ఆ చోటు లోకల్‌కే రాసివ్వమని నా కోరిక. ఇంకో నాలుగేళ్లకి రిటైరవుతాను. నా సీజన్ టికెట్ ఈ నెల ఇరవై మూడుతో అయిపోతుంది, ఇరవై రెండునే కొత్తది తీసుకుంటాను.