మడత కమోడ్ కుర్చీ: కొనొచ్చు, కానీ కూర్చునే మనిషిని కొలిచి కొనండి

మా అక్క కోసం నరసాపురంలో ఒక సర్జికల్ షాపులో మడత కమోడ్ కుర్చీ కొన్నాను. రూ. 2,200 తీసుకున్నారు. కింద ఉండే డబ్బా తీసేస్తే మామూలు ఇండియన్ లెట్రిన్ మీద నిలబెట్టుకోవచ్చు. పంటు మీద సఖినేటిపల్లి రేవుకు దాటించి ఆటోలో ఇంటికి తెచ్చాను. వాడేది అక్క, రాస్తున్నది నేను. ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను కాబట్టి ఇలాంటి సామాను మంచీచెడ్డా కొంత తెలుసు.

మంచి ఏమిటంటే, చేతులు ఆనించుకునే కడ్డీలు గట్టిగా ఉన్నాయి. ఇదివరకు అక్క తలుపు గడియ పట్టుకుని, ఇంకో చెయ్యి గోడకు ఆనించి, మూలుగుతూ లేచేది. ఒక్కోసారి కోడలిని పిలవాల్సి వచ్చేది. ఆ పిలవడం అక్కకు చచ్చేంత సిగ్గు. ఇప్పుడు రెండు అరచేతులూ ఆనించి తనంతట తనే లేస్తోంది. ఈ ఒక్కదానికే డబ్బులు చెల్లిపోయాయి.

ఎత్తు దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. కాళ్ళకు వరసగా కన్నాలున్నాయి, బొత్తాం నొక్కి సర్దుకోవాలి. అన్నిటికన్నా కింది కన్నంలో పెట్టినా అక్క మడమలు నేలకు ఆనలేదు. మడమ ఆనకపోతే లేచేటప్పుడు బరువంతా మోకాలి మీదే పడుతుంది. చివరికి మా అబ్బాయి వెల్డింగ్ షాపులో కాళ్ళు రెండంగుళాలు కోయించి రబ్బరు బుష్‌లు మళ్ళీ తొడిగించాడు. ఇంకోటి, మా సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన. ఇనప కాళ్ళ పెయింటు కీళ్ళ దగ్గర అప్పుడే ఉబ్బింది. స్టెయిన్‌లెస్ స్టీలుది దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి.

కుర్చీ దించిన ఆటో అతను అక్కను చూసి, "మీ అమ్మగారికాండీ?" అన్నాడు. అక్కకు 66, నాకు 62.

ఒక తల్లి బిడ్డలమే. నాన్నది కౌలు సేద్యం. నన్ను ఎత్తుకోవడానికి అక్క మూడో తరగతిలో బడి మానేసింది, తర్వాత ఊడ్పులకు వెళ్ళింది. నేను హాస్టల్లో మూడు పూటలా తిని చదువుకున్నాను. అక్క నాకంటే నాలుగు వేళ్ళు పొట్టి. ఆ కింది కన్నం అక్కకు చాలకపోవడం ఈ కుర్చీ చేసినవాళ్ళ తప్పొక్కటే కాదు, ఎదిగే వయసులో అక్క కంచంలో అన్నం చాలలేదు. నా కాన్పులకు జీతంతో సెలవు ఇచ్చారు. అక్క పచ్చి బాలింతగానే గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టి మళ్ళీ చేలో దిగింది. సార్వాకు, దాళ్వాకు, ఏటా రెండుసార్లు, మోకాలి లోతు బురదలో నడుం వంచే ఉంది. స్వచ్ఛ భారత్ రూ. 12,000 సాయంతో ఈ మరుగుదొడ్డి కట్టేదాకా చీకటి పడితేగాని కాలవగట్టుకు పోవడానికి లేదు. అందుకని పగలు నీళ్ళు తాగేది కాదు. మూత్రంలో మంటకు మాత్రలు నేనే తెచ్చి ఇచ్చేదాన్ని. "కింద కూర్చోవద్దు, వంగొద్దు" అని డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు. వంగకపోతే కూలి ఎక్కడిది?

లండన్‌లో ప్రభుత్వ మగ ఉద్యోగుల మీద 1967లో ఒక పరిశీలన మొదలుపెట్టారు. అందరికీ నెలజీతం ఉంది, ప్రభుత్వ వైద్యం ఉంది. అయినా ఉద్యోగంలో మెట్టు తగ్గేకొద్దీ గుండెజబ్బు చావులు పెరిగాయి. జీతం, వైద్యం ఉన్నచోటే అలా ఉంటే, రెండూ లేని మా అక్క సంగతి ఎవరు లెక్క కట్టాలి? "వయసైపోయింది కదమ్మా" అని మోకాళ్ళ నొప్పిని తీసిపారేసే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వయసు నాకూ అయింది.

మా వీధిలో ఊడ్పులు చేసి అరిగిపోయిన ఆడవాళ్ళు వచ్చి ఈ కుర్చీలో కూర్చుని, లేచి చూసి, రేటు విని వెళ్ళిపోతున్నారు. వాళ్ళకొచ్చేది నెలకు రూ. 4,000 పింఛను, అందులో సగం పైనే దీనికి పోతుంది. షాపుల వాళ్ళు వాయిదాల మీద ఇస్తే బాగుంటుంది. పింఛను ఇచ్చే ప్రభుత్వమే మోకాళ్ళు పోయినవాళ్ళకు ఇది ఉచితంగా ఇస్తే ఇంకా న్యాయం.

కొనేవాళ్ళు మనిషిని కుర్చీ మీద కూర్చోబెట్టి మడమలు ఆనాయో లేదో చూశాకే డబ్బు కట్టండి. షాపుదాకా రాలేని మనిషైతే మోకాలి మడత నుంచి నేల దాకా టేపు పెట్టి కొలుచుకు వెళ్ళండి. మరుగుదొడ్డి తలుపు వెడల్పు కూడా రాసుకోండి, మాది ఇరుకై కుర్చీని మడిచి పక్కకు తిప్పి లోపలికి పట్టించాల్సి వచ్చింది.