పదహారేళ్ళ వాడకం తర్వాత మా 24 ట్రాక్‌ల డబ్బా

మద్రాసు కోడంబాక్కంలో ఒక చిన్న స్టూడియో మూసేస్తుంటే 2009లో ఈ హార్డ్ డిస్క్ రికార్డర్ కొన్నాను. ర్యాక్‌లో మూడు యూనిట్ల ఎత్తు. ముందువైపు రెండు అరలు, ఒక్కో అరలో క్యాడీకి (అరలోకి తోసే చట్రానికి) బిగించిన ఒక ఐడీఈ డిస్కు, అంటే పాతకాలపు కంప్యూటర్ డిస్కు. 24 ట్రాకులకీ (ఒక్కో మైకు శబ్దం విడిగా రాసుకునే వరస ఒక్కో ట్రాకు) విడివిడిగా రికార్డ్ బటన్లు, వాటి పైన ఎగిరెగిరి పడే పచ్చ దీపాల వరసలు. తెర లేదు, మౌస్ లేదు, లోపల శబ్దాలు కలిపే మిక్సరూ లేదు. ముప్పై రెండు వేలు ఇచ్చాను. కంపెనీ పేరు రాయడం లేదు. కింద కొన్ని తిట్లు ఉన్నాయి, అవి ఆ తరం యంత్రాలన్నిటికీ ఇంచుమించు సమానంగా చెందుతాయి.

ఆ తరం గురించి రెండు ముక్కలు. 1996లో రోలాండ్ వీఎస్-880 వచ్చింది. ఎనిమిది ట్రాకులు, మిక్సర్, డిస్కు అన్నీ ఒళ్ళో పెట్టుకునేంత పెట్టెలో ఇమిడిపోయాయి. ఆ తర్వాత ఐదారేళ్ళలో టాస్కామ్ ఎంఎక్స్-2424, మకీ ఎచ్‌డీఆర్24/96, ఎలెసిస్ ఎచ్‌డీ24 వరసగా దిగాయి. అంతకుముందు 24 ట్రాకులు కావాలంటే రెండంగుళాల టేపు యంత్రం ఉండాలి, లేదా ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ల మీద రాసే ఎనిమిది ట్రాకుల అడాట్ రికార్డర్లు మూడింటిని జత చేయాలి. నేను కొన్నాళ్ళు ఆ క్యాసెట్లతో వేగాను. మద్రాసు ఉక్కకి టేపు ఎలా అతుక్కుంటుందో చూసినవాడికి డిస్కు అనే మాట వరంలా వినిపిస్తుంది.

మా పని, అంటే కచేరీలు రికార్డు చేయడం, ఎక్కువగా మార్గళిలో. తెలుగువాళ్ళం ధనుర్మాసం అనాలి గానీ, పశ్చిమ మాంబళంలో ముప్పై ఏళ్ళు ఉన్నాక నోటికి మార్గళే వస్తుంది. కచేరీకి మైకుల లెక్క ఇలా ఉంటుంది: పాడేవారికి ఒకటి, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి వలంతలై (కుడి) వైపు ఒకటీ తొప్పి (ఎడమ) వైపు ఒకటీ, ఘటానికి ఒకటి, కంజిర ఉంటే ఇంకొకటి, తంబురాకి ఒకటి, సభలో జనం వైపు రెండు. తొమ్మిదీ పదితో అయిపోతుంది. పన్నెండు ట్రాకుల ‘పాట’ (ఒక రికార్డింగ్‌కి ఈ యంత్రం పెట్టే పేరు) తెరిచి పెట్టుకుంటాను. మొత్తం 24 ట్రాకులూ నిండేది ఏడాదికి ఒక్కసారే, పుష్య బహుళ పంచమి నాడు, త్యాగరాజ ఆరాధనకి గోష్ఠి కూర్చున్నప్పుడు.

మొదట మంచి చెప్పాలి. ఈ పదహారేళ్ళలో రికార్డు నొక్కాక ఇది తనంతట తాను ఆగిపోయిన రోజు ఒక్కటి కూడా లేదు. ల్యాప్‌టాప్‌తో చేసే స్నేహితుడు పక్కన కూర్చుని, పాడేవారు ఆలాపన ఎత్తుకునే వేళకి తెర మీద అప్‌డేట్ కబురు చూసి చెమటలు కక్కడం నేను కళ్ళారా చూశాను. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. రాయడం తప్ప దీనికి ఇంకో పని తెలీదు.

శబ్దాన్ని ఎంత గట్టిగా రాయాలి అనే లెవెల్ విషయంలో మొదటి రెండేళ్ళూ నాదే తప్పు. 16 బిట్ల టేపు రోజుల అలవాటుకొద్దీ దీపాలు ఎరుపుకి (శబ్దం హద్దు దాటి పగిలే చోటుకి) ఒక మెట్టు కింద ఆడేలా పెట్టేవాణ్ణి. సౌండ్ చెక్‌లో మృదంగం వాయించేవారు వేళ్ళతో ఊరికే తడతారు. తని ఆవర్తనం (పాట ఆపి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) వచ్చేసరికి ఆ చెయ్యి వేరు, ఆ దెబ్బ వేరు. మర్నాడు పెద్దాయన ఫోన్ చేశారు.

“ఏం బాబూ, నా తని వచ్చిందా?”

“వచ్చింది మామా. కాకపోతే ఎరుపు తగిలింది. తొప్పి మీద దెబ్బ పగిలినట్టు వినిపిస్తోంది.”

“పగిలింది రికార్డింగే కదా, తొప్పి కాదు కదా! పోనీలే.”

ఆ తర్వాత మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర పెట్టి వదిలేస్తున్నాను. 24 బిట్లు ఉన్నాక తక్కువ లెవెల్లో రాసినా అడుగున హిస్ వినిపించదు, తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. పగిలిన దెబ్బని మాత్రం ఎవరూ అతకలేరు.

ఇంకో పొరపాటు చెబితే సంగీతం తెలిసినవాళ్ళు నవ్వుతారు. పాట తెరిచేటప్పుడే శాంపుల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి రాయాలో, ఎంచుకోవాలి. ఒకసారి 44.1 కిలోహెర్ట్జ్‌లో రాసి, బయటికి తీసేటప్పుడు కంప్యూటర్‌లో 48 పెట్టాను. ఐదు శ్రుతిలో పాడిన ఆవిడ గొంతు ఐదున్నరకీ ఆరుకీ నడుమ ఎక్కడో తేలింది. పది నిమిషాల కృతి తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లలోపే ముగిసింది. వేగం చూసి నాకు అనుమానం రాలేదు. ‘ఇవాళ మంచి హుషారు మీద ఉన్నారు’ అనుకున్నాను. ఆవిడకి పంపాక ఆవిడే పట్టుకున్నారు.

డిజిటల్ మిక్సర్‌కి ఆప్టికల్ కేబుళ్ళతో కలిపేటప్పుడు క్లాక్ (ఆ కొలతలకి లయ పట్టే లోపలి గడియారం) సంగతి మరిచిపోకండి. ఒక కేబుల్‌లో ఎనిమిది ట్రాకులు వెళ్తాయి, మూడు కేబుళ్ళతో 24. కానీ రెండు యంత్రాల్లో ఒకటి యజమాని, రెండోది దాని వెనక నడిచేది కావాలి. రెండూ ఎవరి గడియారం వాళ్ళు చూసుకుంటే మధ్యమధ్యలో టిక్కు టిక్కుమని చప్పుడు పడుతుంది. కచేరీ హోరులో అది వినబడదు. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక తంబురా వెనక స్పష్టంగా వినిపిస్తుంది.

ఫ్యాన్ మోత భరించలేం. ఇంట్లో ఒక గదిలోనే పెట్టి పాడించుకోవాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. నాది పక్క గదిలో ఉంటుంది, గోడకి కన్నం వేసి కేబుల్ లాగాను.

ఇక అసలు బాధ. పాట ఇందులోకి సులువుగా వెళ్తుంది, బయటికి రావడానికే ఏడుస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ట్రాకు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ తింటుంది. పన్నెండు ట్రాకులు, రెండున్నర గంటల కచేరీ అంటే పదిహేనున్నర జీబీ. వెనకవైపు ఉన్న నెట్‌వర్క్ సాకెట్ వేగం సెకనుకి 10 మెగాబిట్లు. కాగితం మీద లెక్క వేస్తే మూడున్నర గంటలు. నిజానికి రాత్రి పదింటికి పెడితే తెల్లారి పాలవాడు వచ్చేసరికి అయ్యేది. అంతకంటే ఆప్టికల్ కేబుళ్ళు పెట్టి, మొదటినుంచీ వాయిస్తూ కంప్యూటర్‌లోకి మళ్ళీ రికార్డు చేసుకోవడమే తొందరగా తేలేది. కచేరీ ఎంతసేపో అంతసేపు, అంతే. కొన్నేళ్ళు నేను అదే చేశాను. వర్ణం నుంచి మంగళం దాకా ప్రతి కచేరీ రెండోసారి కూర్చుని విన్నాను కాబట్టి ఫిర్యాదు చేయను.

డిస్కు ఊడదీసి కంప్యూటర్‌కి పెడితే పోదా అంటారు. ఇది రాసే ఫార్మాట్ దీని సొంతం, కంప్యూటర్‌కి అర్థం కాదు. ఔత్సాహికులు రాసి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికాక నా బతుకు తేలికైంది. యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలిస్తే అరగంట, ముప్పావుగంటలో పని అయిపోతుంది. అయితే తగిలించగానే విండోస్ ‘ఈ డిస్కుని ఫార్మాట్ చేయమంటారా?’ అని అడుగుతుంది. మా మేనల్లుడు మర్యాదగా ‘చేయి’ అని నొక్కేశాడు. పదహారేళ్ళలో నేను పూర్తిగా పోగొట్టుకున్న కచేరీ ఆ ఒక్కటే, అందులో యంత్రం తప్పేమీ లేదు.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కూడా రాయాలి. ఒక ఆరాధన నాడు పంచరత్నాలన్నీ ఒకే పాటగా రాస్తున్నాను. ఆరభి అయిపోయింది, వరాళి ఎత్తుకుంటున్నారు, కరెంటు పోయింది. తిరిగొచ్చాక చూస్తే పాట పేరు ఉంది, నిడివి సున్నా. కాళ్ళ కింద నేల కదిలింది. అసలు జరిగేది ఇదీ: శబ్దం ఎప్పటికప్పుడు డిస్కు మీద పడుతూనే ఉంటుంది, పాట ఎంత పొడుగో మాత్రం స్టాప్ నొక్కాకే రాసుకుంటుంది. కాబట్టి ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా తీసి పక్కన పెట్టాలి. పైన చెప్పిన సాఫ్ట్‌వేర్‌తోనే నాట, గౌళ, ఆరభి మూడూ తిరిగొచ్చాయి. మర్నాడే యూపీఎస్ కొన్నాను.

డిస్కుల వేట ఇంకో కథ. ఐడీఈ డిస్కులు తయారవడం మానేసి చాలా కాలమైంది. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొట్టు కుర్రాణ్ణి అడిగితే ఎగాదిగా చూసి, లోపలినుంచి వాళ్ళ నాన్నని పిలిచాడు. ఆయన అట్టపెట్టె దులిపి నాలుగు తీసిచ్చాడు. వాటిలో రెండు పనిచేశాయి. వెనక ఉన్న జంపర్ అనే చిన్న బిళ్ళని ‘మాస్టర్’ అని రాసి ఉన్న చోట పెట్టకపోతే కొత్త డిస్కు అయినా కనబడదు, ఇది తెలియక ఒకటి పారేశాను కూడా. ఆ కాలపు ఐడీఈ యంత్రాల్లో చాలావాటికి 137 జీబీకి మించిన చోటు కనబడదు, కాబట్టి పెద్ద డిస్కు కోసం డబ్బు తగలేయొద్దు. ఇప్పుడు సాటా ఎస్ఎస్‌డీ అనే కొత్త తరం డిస్కుని అడాప్టర్‌తో నడుపుతున్నాను. మూడు రకాల అడాప్టర్లు కొంటే ఒక్కటి కుదిరింది. మిగతా రెండూ పన్నెండు ట్రాకుల దాకా బాగానే ఉండి, 24కి వెళ్ళేసరికి తడబడ్డాయి.

ఇవాళ కొనొచ్చా? కొత్తగా మొదలుపెట్టేవాళ్ళయితే వద్దు. ఎక్స్32 లాంటి మిక్సర్‌కి ఎక్స్-లైవ్ కార్డు ఉంటే 32 ట్రాకులు నేరుగా ఎస్‌డీ కార్డు మీద పడతాయి, కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే సరి. ఇంట్లో ఒక్కరే పాడుకుని వాయించుకునేవాళ్ళకి జూమ్ ఆర్24 లాంటి చిన్న రికార్డర్ చాలు. ఎవరైనా పాత డబ్బా చవగ్గా ఇస్తున్నారంటే మాత్రం ముందు క్యాడీలు ఎన్ని ఇస్తారో అడగండి. అవి లేకపోతే యంత్రం ఉన్నా లేనట్టే. 24 ట్రాకుల పాట తెరిచి అరగంట రాయించి చూడండి, ఐదు నిమిషాల పరీక్షలో ఏమీ తేలదు. పవర్ సప్లై మూత తీసి కెపాసిటర్లు ఉబ్బాయేమో కూడా చూడాలి. నావి 2018లో మార్పించాను, వడపళనిలో టీవీలు బాగుచేసే ఆయన గంటలో చేసిచ్చాడు.

నేను కూడా కిందటేడు నుంచి కచేరీలకి కార్డు మిక్సరే తీసుకెళ్తున్నాను. డబ్బా ఇంట్లోనే ఉంది. బీరువాలో ఇంకా 19 పాత డిస్కులున్నాయి. కొన్ని పదేళ్ళుగా తిరగలేదు, మొదటిసారి కరెంటు ఇస్తే గీరుకుంటాయి. ఆదివారానికి ఒకటి చొప్పున బయటికి తీస్తున్నాను. పోయిన వారం తీసిన దాంట్లో ఆ మృదంగం మామదే ఇంకో తని దొరికింది. ఎరుపు ఎక్కడా తగల్లేదు.