గ్రాకో మాగ్నమ్ ఎక్స్5: వాడకం కన్నా కడగడమే దీనికి అసలు పరీక్ష

గాలి కలపకుండా, పంపు ఒత్తిడితోనే రంగు చిమ్మే ఎయిర్‌లెస్ స్ప్రే మిషన్‌ను బేరీజు వేసేటప్పుడు చాలామంది అది ఎంత వేగంగా గోడను పూర్తి చేస్తుందన్నదే చూస్తారు. నేను ముందుగా చూసేది, పని ముగిశాక పంపులోనూ పైపులోనూ గన్‌లోనూ మిగిలిపోయే రంగును పూర్తిగా బయటికి పంపడం ఎంత సులభమన్నది. ఈ మిషన్లు చెడిపోవడానికి తరచుగా కనిపించే కారణం లోపల ఎండిన రంగే. ఆ కొలతతో చూస్తే చిన్న మిషన్లలో మాగ్నమ్ ఎక్స్5 నాకు బాగా నచ్చింది. అయితే కడిగే ఓపిక లేనివారికి దీన్ని సిఫారసు చేయను.

దీని శక్తి గురించి రెండు మాటలు చాలు. పిస్టన్ పంపు చదరపు అంగుళానికి 3000 పౌండ్ల వరకు ఒత్తిడి ఇస్తుంది, నిమిషానికి సుమారు ఒక లీటరు రంగు పంపుతుంది, 0.015 అంగుళం రంధ్రం వరకు ఉన్న టిప్‌లను, అంటే గన్ చివర రంగు చిమ్మే ముక్కులను, భరిస్తుంది. మిషన్‌తో వచ్చే 515 టిప్ సరిగ్గా ఆ హద్దులోనే ఉంటుంది. ఆ సంఖ్యలో మొదటి అంకెను రెట్టింపు చేస్తే, ఉపరితలానికి అడుగు దూరం నుంచి కొట్టినప్పుడు రంగు పట్టీ వెడల్పు పది అంగుళాలని తెలుస్తుంది. చివరి రెండు అంకెలు రంధ్రం కొలతను అంగుళంలో వెయ్యో వంతులలో చెబుతాయి. ఇంటి గోడలకు, తలుపులకు, కంచెలకు ఇది సరిపోతుంది. పెద్ద టిప్ అడిగే చిక్కటి పూతలు దీని పని కాదు. 25 అడుగుల పైపు మాత్రం పెద్ద గదుల్లో పొట్టిగానే అనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, కడగడానికి ముందు ఒత్తిడిని దించడం తప్పనిసరి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, నాబ్‌ను ప్రైమ్ వైపు (పంపులోకి లాగిన రంగు గన్‌కు పోకుండా డ్రెయిన్ పైపు గుండా బయటికి వచ్చే స్థానానికి) తిప్పి, గన్‌ను బకెట్ అంచుకు ఆనించి ట్రిగ్గర్ నొక్కి, లోపలి ఒత్తిడి పూర్తిగా పోయాక ట్రిగ్గర్ లాక్ వేయాలి. టిప్ విప్పే ముందు, ఫిల్టర్ తీసే ముందు, ప్రతిసారీ ఇదే క్రమం. ఇంత ఒత్తిడితో వచ్చే రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులాగే కనిపించినా అది వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం కావచ్చు. అందుకే టిప్ ముందు వేలు పెట్టి చూసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ మిషన్‌ను ముట్టుకోకముందే దాన్ని మానుకోవాలి.

నీటితో కలిపే రంగులకు ఎక్స్5తో వచ్చే పవర్‌ఫ్లష్ అడాప్టర్ నిజంగా ఉపయోగపడుతుంది. తోటకు నీళ్లు పెట్టే పైపును దాని ద్వారా సక్షన్ చివరకు, అంటే రంగును లాగే గొట్టం కొసకు, తగిలిస్తే, బకెట్లు మార్చే శ్రమ లేకుండా నీరు పంపు గుండా, పైపు గుండా, గన్ గుండా పారుతుంది. టిప్ తీసేసి, గన్ నుంచి వచ్చే నీరు తేటగా మారేవరకు ఆపకూడదు. డ్రెయిన్ పైపును మరచిపోవడం చాలామందికి జరిగే పొరపాటు: ప్రైమ్ వైపు కూడా కాసేపు నీరు వదలకపోతే ఆ సన్నటి గొట్టంలో రంగు గడ్డకట్టి, తర్వాతిసారి ప్రైమ్ కాకుండా అడ్డుపడుతుంది. గన్ పిడిలోని ఫిల్టర్‌ను, సక్షన్ చివరి జాలీని, టిప్‌ను విడిగా మెత్తటి బ్రష్‌తో కడగాలి. టిప్ రంధ్రంలో సూది గుచ్చితే దాని అంచు దెబ్బతిని రంగు పట్టీ ఆకారం పాడవుతుంది.

నూనె రంగుల విషయంలో తయారీదారు సూచనలు స్పష్టంగా ఉన్నాయి, వాటిని నేను పూర్తిగా సమర్థిస్తాను. 38 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఫ్లాష్ పాయింట్ (ద్రవం ఆవిర్లు నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత) ఉన్న ద్రవాలను, అంటే అసిటోన్, టోలుయీన్, జైలీన్ వంటివాటిని ఇందులో కొట్టకూడదు, వాటితో కడగకూడదు. అందుబాటులో ఉంది కదా అని ఏ థిన్నర్ పడితే ఆ థిన్నర్ పోయకుండా, డబ్బా మీద ఏముందో చదివి, తగిన ఫ్లాష్ పాయింట్ ఉన్న మినరల్ స్పిరిట్‌నే వాడాలి. అదీ గాలి ఆడే చోట, టిప్ తీసేసి, తక్కువ ఒత్తిడితో, ఎర్త్ చేసిన లోహపు బకెట్‌కు గన్‌ను ఆనించి ఉంచి కడగాలి. స్థిర విద్యుత్ నిప్పురవ్వతో ఆవిర్లు అంటుకునే ప్రమాదం ఉంది.

కడిగాక నీటిని లోపల వదిలేయకూడదు. నీరు చలికి మంచుగా గడ్డకడితే పంపు పగులుతుంది, లోహపు భాగాలు తుప్పు పడతాయి. రెండు రోజులకు మించి పక్కన పెట్టేటప్పుడు పంప్ ఆర్మర్ వంటి నిల్వ ద్రవాన్ని పంపులోకి లాగించి ఉంచాలి. తర్వాత వాడేముందు దాన్ని కడిగేయడం కూడా అంతే ముఖ్యం.

ఇబ్బందుల్లో మొదటిది, మోటారు తిరుగుతున్నా మిషన్ రంగును లాగకపోవడం. చాలాసార్లు దీనికి కారణం, పంపు అడుగున ఉండే ఇన్‌లెట్ బాల్ ఎండిన రంగుతో అతుక్కుపోవడమే. ఒత్తిడి దించి, సక్షన్ పైపు విప్పి, పెన్సిల్‌తో ఆ బాల్‌ను మెల్లగా పైకి నెడితే వదులవుతుంది. అప్పటికీ లాగకపోతే సక్షన్ బిగింపుల దగ్గర గాలి పీలుస్తోందేమో, జాలీ మూసుకుపోయిందేమో చూడాలి. రంగు తుంపరలుగా ఆగి ఆగి వస్తున్నా ముందు అనుమానించాల్సింది ఆ గాలినే.

పట్టీకి రెండు అంచుల్లో గీతలు పడుతుంటే ఒత్తిడి చాలడం లేదని అర్థం. ఒత్తిడి నాబ్ కొద్దిగా పెంచినా పోకపోతే ఫిల్టర్ కడగాలి, రంగు చిక్కదనం చూడాలి, చివరగా టిప్‌ను పరిశీలించాలి. అరిగిన టిప్ రంధ్రం పెద్దదవుతుంది, పట్టీ ఇరుకవుతుంది, రంగు ఎక్కువ ఖర్చవుతుంది. పట్టీ పావు వంతు తగ్గిందంటే దాన్ని మార్చడమే లాభం. పని మధ్యలో టిప్ మూసుకుపోతే మాత్రం ఏమీ విప్పనక్కర్లేదు: ట్రిగ్గర్ లాక్ వేసి, టిప్‌ను వెనక్కి తిప్పి, లాక్ తీసి పాత అట్ట మీద ఒకసారి కొట్టి, మళ్లీ లాక్ వేసి యథాస్థానానికి తిప్పితే చాలు. ఎక్స్5లో నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం ఇదే. రంగును ముందే వడకట్టి పోస్తే దీని అవసరమూ తగ్గుతుంది.

పాత మిషన్ కొనేవారు నీటితో ఒక పరీక్ష చేసి చూడాలి. ప్రైమ్ చేసి, స్ప్రే వైపు తిప్పి, ట్రిగ్గర్ వదిలేస్తే ఒత్తిడి నిండగానే మోటారు ఆగాలి. ఎక్కడా నీరు కారకుండానే అది మళ్లీ మళ్లీ తిరుగుతుంటే లోపల ప్రైమ్ వాల్వో, ఔట్‌లెట్ వాల్వో, పిస్టన్ సీళ్లో అరిగాయని అర్థం. వాటి మరమ్మతు ఖర్చు లెక్కవేసుకున్న తర్వాతే ధర మాట్లాడాలి.