ఏ క్లబ్బు మనది? లివర్‌పూల్ నుంచి డోర్ట్‌మండ్ దాకా

యూరప్ ఫుట్‌బాల్ చూడడం కొత్తగా మొదలుపెట్టినవాణ్ణి ఎవరైనా మొదట అడిగేది "మీది ఏ క్లబ్బు?" అని. జవాబు చెప్పలేకపోతే అడిగినవారే తమ క్లబ్బును అంటగట్టి పోతారు. ఒకరు కప్పుల లెక్క చెబుతారు, మరొకరు ఒక ఆటగాడి పేరు చెబుతారు. కప్పులు చేతులు మారుతూనే ఉంటాయి, ఆటగాడు రెండేళ్ళకు ఇంకో చొక్కా తొడుక్కుంటాడు. అందుకని క్లబ్బు ఉన్న ఊరు చూసి, అక్కడి గ్యాలరీలో కాసేపు గడిపి, ఆ తరవాతే ఒక మాట అనుకోవాలని నా పట్టుదల. మా మేనల్లుడు జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో ఎం.ఎస్. చదువుతూ ఉండడం, మా ఆవిడకు లండన్ చూడాలని ఎప్పటినుంచో ఉండడం దీనికి కలిసివచ్చాయి. లండన్ బాగానే గడిచింది. చెప్పవలసింది లివర్‌పూల్‌లో మేము దిగిన బస సంగతి.

ఆ ఊరి రెండు పెద్ద క్లబ్బుల్లో ఒకటైన ఎవర్టన్ మ్యాచ్‌కు టికెట్లు కొని, శనివారం రాత్రికి గది మాట్లాడుకున్నాము. అద్దె 68 పౌండ్లు. తరవాత టీవీ ప్రసారం కోసం మ్యాచ్‌ను ఆదివారానికి మార్చారు. ఇంగ్లండులో ఇది మామూలే. శనివారం మధ్యాహ్నం చిన్న క్లబ్బుల మైదానాలు ఖాళీ కాకూడదని, పావుతక్కువ మూడు నుంచి అయిదుంబావు వరకు అక్కడి టీవీల్లో ఏ మ్యాచ్‌నూ ప్రత్యక్షంగా చూపనివ్వరు. అందువల్ల టీవీవారు ఎంచుకున్న మ్యాచ్‌లు ఇతర వేళలకు జరుగుతాయి. ఆ వేళలో వాళ్ళు ఇంట్లో కూర్చుని చూడలేని ఆటను మనం హైదరాబాదులో హాయిగా చూస్తాం, అది వేరే విషయం. తేదీ మారిందని, మా గదిని కూడా ఒక రోజు జరపమని ఆ యజమానికి రాస్తే, శనివారం సొమ్ము వెనక్కి ఇవ్వబోమనీ, ఆదివారం అదే గది 176 పౌండ్లనీ జవాబిచ్చాడు. మన లెక్కలో ఇరవై వేల రూపాయలు దాటింది. మ్యాచ్ రోజు ఊళ్ళో ఎక్కడ చూసినా అంతకన్నా ఎక్కువే ఉండడంతో ఒప్పుకోక తప్పలేదు.

ఆ గది మూడో అంతస్తులో, పెట్టె పట్టుకుని పక్కకు తిరిగి ఎక్కవలసినంత ఇరుకైన మెట్ల పైన ఉంది. స్నానాల గది మరో ఇద్దరితో కలిపి. గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది: గదిలో వంట చేస్తే జరిమానా. మేము వంట చేయలేదు. మా ఆవిడ కొనుక్కొచ్చిన రొట్టెలోకి సంచిలోంచి మాగాయ సీసా తీసి మూత తెరిచింది, అంతే. పొద్దున్నే ఆ యజమాని గుమ్మంలో నిలబడి రెండుసార్లు ఊపిరి పీల్చి, శుభ్రం చేయించడానికి 40 పౌండ్లు అదనమన్నాడు. ఇది పచ్చడి అని, వేడి చేసిందేమీ లేదని నేను వివరిస్తుండగానే మా ఆవిడ సీసా మూత బిగించి అతని ముఖం ముందు పట్టుకుని, ఇప్పుడు వాసన వస్తోందా అని తెలుగులోనే అడిగింది. చివరికి 20 దగ్గర తెగింది. లైమ్ స్ట్రీట్ స్టేషనులో రైలు కదిలేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. మ్యాచ్ కోసం అటువైపు వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే: ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి, లేదా మాంచెస్టర్‌లో దిగండి. రైలులో గంటలోపే.

అంత కోపంలోనూ లివర్‌పూల్ ఊరిని తక్కువ చేసి చెప్పలేను. లివర్‌పూల్ క్లబ్బు ఆడే ఆన్‌ఫీల్డ్ మైదానం చూపించే యాత్ర ఒక్కొక్కరికి పాతిక పౌండ్లకు కాస్త అటూ ఇటూగా అయింది. కుర్చీలు, కప్పులు, ఆటగాళ్ళు బయటికి వచ్చే దారి, అన్నీ చక్కగానే చూపిస్తారు. మా ఆవిడ ఆగిపోయింది మాత్రం డబ్బులేమీ అడగని చోట, హిల్స్‌బరో స్మారకం దగ్గర. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో, నిలబడి చూసే గ్యాలరీలో తొక్కిడిలో నలిగి ప్రాణాలు పోయిన 97 మంది లివర్‌పూల్ అభిమానుల పేర్లు, వాటి పక్కన వయసులు ఉంటాయి. అన్నిటికన్నా చిన్న వయసు పది. ఆ దుర్ఘటన తరవాతే ఇంగ్లండులోని పెద్ద మైదానాలలో నిలబడే గ్యాలరీలు తీసేసి అందరికీ కుర్చీలు వేశారు. ప్రాణభయం తగ్గింది, ధరలు మాత్రం పెరుగుతూ పోయాయి. 2016లో కొత్త గ్యాలరీలో టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నప్పుడు ఇక్కడి అభిమానులు వేల సంఖ్యలో సరిగ్గా 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు, యజమానులు వెనక్కి తగ్గారు. యాజమాన్యం అమెరికాది కావచ్చు గానీ, ఆ జనం ఎవరికీ లొంగే రకం కాదు.

ఎవర్టన్ 1892 వరకు ఆన్‌ఫీల్డ్‌లోనే ఆడి, అద్దె గొడవతో స్టాన్లీ పార్క్ అవతలి గూడిసన్ మైదానానికి పోయిన క్లబ్బు; ఖాళీ అయిన మైదానం కోసమే లివర్‌పూల్ క్లబ్బు పుట్టింది. అద్దె పెంచే యజమానులు ఆ ఊళ్ళో ఈనాటివారు కారన్నమాట. 2025లో ఎవర్టన్ పురుషుల జట్టు మెర్సీ నది ఒడ్డున, పూడ్చిన ఓడరేవులో కట్టిన కొత్త మైదానానికి మారింది. సభ్యత్వాలతో కలిపి ఇద్దరికీ 180 పౌండ్లు పెట్టి చూశాము. మైదానం అందంగా ఉంది, గాలి చలి ఎముకలు కొరికింది, ఆట చప్పగా సాగింది. చివరిసారి లీగు గెలిచింది 1987లో అయినా పక్క కుర్చీలోని పెద్దాయన తొంభై నిమిషాలూ సొంత జట్టునే తిట్టి, లేచేటప్పుడు వచ్చే వారం మ్యాచ్ వేళ ఎంతో మనవణ్ణి అడిగాడు. ఓర్పు ఉన్నవారికి ఈ క్లబ్బును సిఫారసు చేస్తాను.

మాంచెస్టర్‌లో రెండు మైదానాలూ బయటినుంచే చూశాము. యునైటెడ్ 1878లో రైల్వే కార్మికులు పెట్టుకున్న జట్టు, ఇప్పుడు దుకాణం ముందు వరుస మైదానం ముందు వరుసకన్నా పొడుగు. సిటీని 2008లో అబుదాబి సొమ్ము మార్చేసింది. గెలుపే కావాలంటే అక్కడికి వెళ్ళవచ్చు. నాకు మాత్రం అక్కడ అభిమానికి మిగిలిన పని డబ్బు కట్టడమేనేమో అనిపించింది.

డోర్ట్‌మండ్‌లో దిగగానే మా మేనల్లుడు "మామయ్యా, కూర్చునే టికెట్ కాదు, నిలబడాలి, అత్తయ్య నిలబడగలదా?" అని అడిగాడు. సీజన్ టికెట్లున్న సహాధ్యాయులు ముగ్గురు ఆ వారం ఊళ్ళో లేరట, అసలు ధరకే ఇచ్చారు: మూడూ కలిపి 54 యూరోలు, అంటే లివర్‌పూల్ గదిలో మూడో వంతు కూడా కాదు. పట్టణ రైలు ఛార్జీ కూడా అందులోనే. దక్షిణపు గ్యాలరీలో దాదాపు పాతికవేల మంది ఒకేచోట నిలబడతారు. యూరప్‌లో అంత పెద్ద నిలబడే గ్యాలరీ మరొకటి లేదు. హిల్స్‌బరో స్మారకం చూసి వచ్చిన మా ఆవిడ మెట్ల మీద జనాన్ని చూసి వెనక్కి అడుగు వేసింది. అయితే వరుసల మధ్య అడ్డంగా నడుము ఎత్తున ఇనుప కడ్డీలు ఉంటాయి, ముందువారి మీద పడే ప్రమాదం లేకుండా. పసుపు కండువా కప్పుకున్న ఒకావిడ తాను పక్కకు జరిగి మా ఆవిడ చేతిని ఆ కడ్డీ మీద పెట్టించింది. పొట్టివాళ్ళం కనుక ముందు పెద్ద జెండా ఊగినంతసేపు మాకు మైదానం కనబడలేదు, ఎవరూ దానికి బాధపడలేదు కూడా.

గోలు పడినప్పుడు మైకులో ఆటగాడి మొదటి పేరు మాత్రమే చెబుతారు, ఇంటిపేరు జనం అరవాలి. ఆ మైకు పట్టుకున్న నోర్బర్ట్ డికెల్ 1989 జర్మన్ కప్పు ఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన మనిషి. రెండో గోలుకల్లా మా ఆవిడ ఆ ఇంటిపేరును నాకన్నా గట్టిగా అరిచింది. విరామంలో పక్కాయన మీ ఊళ్ళో ఫుట్‌బాల్ ఉందా అని అడిగితే హైదరాబాదు రహీం సాబ్ సంగతి చెప్పాను: ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలవడం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలవడం. పక్కాయన నమ్మలేదు, ఫోనులో వెతికి చూసి నాకు బీరు కొనబోయాడు. నేను తాగను గనుక ఉప్పద్దిన రొట్టె ప్రెట్జెల్ కొనిపెట్టాడు. ఆ మధ్యాహ్నానికి అదే మా భోజనం. ప్లాస్టిక్ గ్లాసు తిరిగి ఇస్తే డిపాజిట్ వాపసు ఇస్తారు, పారేయకండి.

ఇంత చవకగా ఎలా ఇస్తున్నారని అడిగితే మేనల్లుడు చెప్పిన కారణం ఇది. జర్మనీలో కొద్ది మినహాయింపులు తప్ప ప్రతి క్లబ్బులోనూ సగానికి మించిన ఓటు హక్కు సభ్యుల సంఘానిదే. ధరలు పెంచితే సభ్యులు ఊరుకోరు. డోర్ట్‌మండ్ స్టాక్ మార్కెట్‌కు వెళ్ళి, తాహతుకు మించి ఖర్చు చేసి, 2005లో దివాలా అంచుకు చేరింది. అంతకుముందే ప్రత్యర్థి క్లబ్బు బాయర్న్ మ్యూనిక్ 20 లక్షల యూరోలు అప్పిచ్చి ఆదుకుంది. ఆపద దాటినా ఆ గ్యాలరీని కుర్చీలకు అమ్ముకోలేదు. నాకు నచ్చింది అది.

బెర్లిన్‌లో యూనియన్ అనే క్లబ్బు మైదానం కూడా చూశాము. 2008లో సొమ్ము లేక, రెండు వేల మందికి పైగా అభిమానులు స్వయంగా సిమెంటు కలిపి కట్టుకున్న గ్యాలరీలు అవి. దాదాపు 22 వేల స్థలాల్లో కుర్చీలు నాలుగు వేలు కూడా లేవు. టికెట్ దొరకలేదు.

కాబట్టి నాది డోర్ట్‌మండ్, రెండో క్లబ్బు యూనియన్. ఆ రెండూ తలపడితే మొదటిదే. ఇంట్లో కూర్చుని చూడడానికీ ఇదే నయం: జర్మన్ లీగు శనివారం మ్యాచ్‌లు ఎక్కువగా శీతాకాలంలో మన రాత్రి ఎనిమిదింటికి, వేసవి వేళల్లో ఏడింటికి మొదలవుతాయి, స్పెయిన్ క్లబ్బుల కోసమైతే తరచు అర్ధరాత్రి దాటాక కూర్చోవాలి. మా ఆవిడ మాత్రం లివర్‌పూల్ అంటోంది. ఆ ఊళ్ళో గది బుక్ చేసే బాధ్యత ఇకమీదట తనదేనట.