డాక్టర్ల సొసైటీ లైఫ్ మెంబర్‌షిప్: ఏడేళ్ల తర్వాత రెండున్నర స్టార్లు

పేరు చెప్పను గానీ మా స్పెషాలిటీ సొసైటీ, హైదరాబాద్ బ్రాంచి. సీఎంఈలకు, అంటే డాక్టర్లు చదువు కొనసాగించడానికి పెట్టే క్లాసులకు, వంక పెట్టలేను, కేసుల చర్చ బాగుంటుంది, మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉన్న ఐదేళ్లకు 30 గంటల క్లాసుల లెక్క పెద్ద టెన్షన్ లేకుండానే పూర్తయిపోతుంది. పీజీ పిల్లలకు ఫీజు తగ్గిస్తారు, అదీ మెచ్చుకోవాలి.

గొడవంతా నిర్ణయాలు తీసుకునే పద్ధతితోనే. మొన్న మాదాపూర్‌లో ఒక హోటల్లో జనరల్ బాడీ పెట్టి, బైలా (సొసైటీ సొంత నియమాల) సవరణను అజెండాలో చిట్టచివర, సరిగ్గా బిర్యానీ వాసన హాల్లోకి వచ్చే టైముకి పెట్టారు! సగం మంది బయట ప్లేట్లు పట్టుకుని లైన్లో ఉంటే లోపల చేతులెత్తించి పాస్ చేసేశారు. ఎంతమంది ఎత్తారో మినిట్స్‌లో లేదు.

మందుల కంపెనీల స్పాన్సర్‌షిప్ గురించి అడిగితే సెక్రటరీ గారు "గిఫ్టుల నిషేధం డాక్టర్లకేనండి, సంఘాలను ఆ నిషేధం నుంచి 2016లోనే తీసేశారు కదా" అన్నారు. నిజమే. 2023 ఆగస్టు 2న ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) తెచ్చిన నిబంధనల్లో కంపెనీల డబ్బుతో జరిగే సదస్సులకు డాక్టర్లు వెళ్లొద్దని ఉంది గానీ, అదే నెల 23న వాటి అమలు ఆపేశారు. సరే, చట్టం అడ్డు రాదు. మరి ఎవరు ఎంత ఇచ్చారో మెంబర్లకు చెప్పడానికి అడ్డేంటి? ఆడిట్ కాపీ కోసం మూడు మెయిళ్లు పెట్టాను, "వచ్చే మీటింగులో చూద్దాం" అన్నారు.

చదువు కోసమైతే చేరండి. జనరల్ బాడీకి మాత్రం ఇంట్లో తినేసి వెళ్లండి.