30/70 మిశ్రమ ఇన్సులిన్: దేవరకొండలో ఏళ్ల తరబడి వాడిన మీదట

నేను నల్గొండ జిల్లా దేవరకొండలో ఉంటాను. చాలా ఏళ్లుగా రెండు పూటలా 30/70 మిశ్రమ ఇన్సులిన్, అంటే త్వరగా పనిచేసేది 30 శాతం, నెమ్మదిగా పనిచేసేది 70 శాతం కలిపినది, తీసుకుంటున్నాను. మందు పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు. భోజనానికి అరగంట ముందు పొట్ట చర్మం కింద, రోజూ చోటు మార్చుకుంటూ సూది వేసుకుంటే, తిండి వేళ తప్పనంత కాలం షుగర్ అదుపులోనే ఉంటున్నది. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలలకోసారి చేయిస్తాను, అదీ అదే చెబుతున్నది. మందు ఇంత మంచిదైనా అది తయారయ్యే చోటు నుంచి మా ఒంట్లోకి చేరే దారి మాత్రం బలహీనంగా ఉంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ దారి గురించే.

ఈ మందు చరిత్రలో డెన్మార్క్‌ది పెద్ద పాత్ర. నోబెల్ గ్రహీత ఆగస్ట్ క్రోగ్ 1922లో కెనడాలోని టొరంటో వెళ్లి, అక్కడ కనుగొన్న ఇన్సులిన్ తయారీకి అనుమతి తెచ్చుకున్నారు. ఆయన భార్య మేరీ స్వయంగా డాక్టర్, మధుమేహ రోగి కూడా. హాగెడార్న్ అనే డాక్టర్‌తో కలిసి క్రోగ్ 1923లో మొదలుపెట్టిన సంస్థ 1989లో మరో డేనిష్ సంస్థతో విలీనమై నోవో నార్డిస్క్ అయింది. సీసాను కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకునేది హాగెడార్న్ ప్రయోగశాల 1946లో రూపొందించిన, నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్. ఇంత చేసిన దేశంలో ఉన్నది సుమారు 60 లక్షల మంది. 2011 జనాభా లెక్కల్లో పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు కలిపితేనే 75 లక్షలు. అంత చిన్న దేశంలో ఔషధ పరిశ్రమ బయటి మార్కెట్లను, ముఖ్యంగా అమెరికాను నమ్ముకోక తప్పదు. 2023లో నోవో నార్డిస్క్ ఒక్కదాని మార్కెట్ విలువ, అంటే మొత్తం షేర్ల విలువ, డెన్మార్క్ ఏడాది జీడీపీని దాటింది. 2025 సెప్టెంబరులో అదే సంస్థ 9,000 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించినప్పుడు అందులో సుమారు 5,000 డెన్మార్క్‌లోనివే. ఆ సంస్థ అమ్మే, బరువు తగ్గించే ఖరీదైన మందుల లాభాలు ఒక దేశ ఆర్థిక వ్యవస్థనే కదిలిస్తున్నప్పుడు, తక్కువ ధరకు అమ్మవలసిన పాత ఇన్సులిన్‌కు ఎంత ప్రాధాన్యం మిగులుతుందన్న ప్రశ్న దేవరకొండలో సీసా కొనుక్కునే మాకూ సంబంధించినదే. ప్రపంచ ఇన్సులిన్ మార్కెట్ విలువలో 90 శాతానికి పైగా, నోవో నార్డిస్క్‌తో కలిపి మూడు సంస్థల చేతుల్లోనే ఉంది మరి.

అసలు కష్టం ఎండాకాలంలో. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. వాడకంలో ఉన్న సీసా కొన్ని వారాలు బయట ఉండవచ్చు గాని, దానికీ రకాన్ని బట్టి 25 లేదా 30 డిగ్రీలకు మించని చోటు కావాలి. మే నెలలో ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది, కరెంటు పోతే గదిలో ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్రిజ్ లేని ఇళ్లలో తడి ఇసుక పోసిన మట్టి కుండలో, నీళ్లు తగలని డబ్బాలో సీసాను పెడతారు. ఆ పద్ధతి నిజంగానే ఉపయోగపడుతుంది, అయితే ఫ్రిజ్ ఇచ్చేంత చల్లదనం దానితో రాదు. ఒకసారి ఒక మెడికల్ షాపులో బయటి అరలోంచి సీసా తీసి ఇచ్చారు, నేను తీసుకోలేదు. వేడికి చెడిన మందు చాలాసార్లు చూపుకు మామూలుగానే ఉంటుంది. అరచేతుల మధ్య మెల్లగా దొర్లించిన తరువాత కూడా పాలలా ఒకే తీరుగా కలవకపోయినా, గాజుకు తెల్లటి పలుకులు అంటుకున్నా ఆ సీసా వాడకూడదు.

రెండో ప్రమాదం సిరంజీది. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్ను ఆకారంలోని సూది సాధనంలో పెట్టే కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజీ 40కి, నారింజ మూతది 100కి. సీసా మందును నారింజ మూత సిరంజీలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా తీసుకుంటే 50 యూనిట్లు వెళ్లి ప్రాణం మీదికి వస్తుంది. చూపు తగ్గిన పెద్దవాళ్లకు పెన్ మేలని నా అభిప్రాయం, ఖర్చు ఎక్కువైనా సరే.

డాక్టర్ సలహాతో కొంతకాలంగా దేశీయ ఇన్సులిన్‌కు మారాను. మారిన కొత్తలో పరగడుపున, తిన్న తరువాత తరచుగా పరీక్షించుకున్నాను. నా విషయంలో తేడా కనిపించలేదు. ఖరీదైన మందులను మన దేశంలోనే చవకగా చేసే ప్రయత్నాలు కొత్తవి కావు: 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను తక్కువ ధరకు తెచ్చింది. అదే తీరులో మన సంస్థలు 2003లో వోక్‌హార్ట్, 2004లో బయోకాన్ మానవ ఇన్సులిన్ (మనిషి ఒంట్లో ఊరేదాని లాంటిదే, ప్రయోగశాల పద్ధతిలో తయారుచేసినది) తెచ్చాయి. ఆ ప్రయత్నాలే లేకుంటే నాబోటివాళ్లం ఈ మందును ఇన్నేళ్లు కొనగలిగేవాళ్లం కాదని నమ్ముతున్నాను.

ఇన్సులిన్ మొదలుపెట్టబోయేవారు ముందుగా ఇంట్లో సీసా పెట్టే చోటు, షుగర్ పడిపోయినప్పుడు నోట్లో వేసుకునే చక్కెర సిద్ధం చేసుకోవాలి. చెమటలు, వణుకు మొదలైతే పొలంలో ఉన్నా సరే పని ఆపి వెంటనే ఆ చక్కెర తినాలి. ప్రభుత్వాన్ని నేను అడిగేది రెండు: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ లేని రోగుల ఇన్సులిన్ కోసం, టీకాలవి కాకుండా, ఇన్వర్టర్ ఉన్న వేరే ఫ్రిజ్ ఒకటి పెట్టాలి, సీసా ఇచ్చే ప్రతిచోటా దానికి సరిపోయే ఎర్ర మూత సిరంజీలు కూడా కలిపి ఇవ్వాలి.