సముద్రకన్యల కథలు చాలా బాగున్నాయి, అమ్మమ్మ పేరు మాత్రం తప్పు

గ్రీకు సముద్రకన్యల కథల బొమ్మల పుస్తకం, నెల్లూరులో ఒక షాపులో మా పాప కోసం 350 పెట్టి తీసుకున్నా. పిల్లలున్నవాళ్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు, కాకపోతే ఒక పెద్ద తప్పు దిద్దుకుని చదవాలి.

సముద్ర దేవుడు నీరియస్, ఆయన భార్య డోరిస్‌కి 50 మంది కూతుళ్లు, వాళ్లే నీరియడ్లు. డోరిస్ వాళ్లమ్మ టెథిస్. డోరిస్ కూతుళ్లలో బాగా పేరున్నది థెటిస్, ట్రాయ్ యుద్ధంలో పేరుమోసిన వీరుడు అకిలీస్ తల్లి. ఈ పుస్తకంలో ఇద్దరినీ థెటిస్ అనే అచ్చేశారు! మా పాపకి మా అమ్మ పేరే పెట్టాం కాబట్టి "ఈ అమ్మాయికీ అమ్మమ్మ పేరు పెట్టారా అమ్మా" అని అడిగింది, నేనూ అవునన్నా. పది పేజీలు పోయాక "అమ్మమ్మకి మళ్లీ పెళ్లేంటి?" అంటే అప్పుడు వెనక్కి తిప్పి వెతికితే దొరికింది తప్పు. పిల్లల పుస్తకంలో వరసలు ఇలా కలిపేస్తే ఎట్లా?

బొమ్మల్లో అందరికీ చేప తోకలు వేశారు, అదీ నచ్చలేదు. పాత గ్రీకు కుండల మీద వీళ్లు మామూలు ఆడవాళ్లలాగే ఉంటారు, డాల్ఫిన్ల మీద ఎక్కి పోతుంటారు.

కథనం మాత్రం ప్రాణం పెట్టి రాశారు. మైపాడు ఇసుకలో కూర్చుని చదివి వినిపించా. థెటిస్‌కి పుట్టేవాడు తండ్రిని మించిపోతాడని జోస్యం ఉందని తెలిసి ఆమె మీద మనసుపడ్డ పెద్ద దేవుళ్లు జ్యూస్, పొసైడన్ ఇద్దరూ వెనక్కి తగ్గి ఆమెని మామూలు మనిషి పీలియస్‌కి కట్టబెడతారు. అతను పట్టుకోబోతే నిప్పవుతుంది, నీళ్లవుతుంది, సింహం, పాము అవుతుంది, అయినా వదలడు. అక్కడ పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక స్నేహితుడు పాట్రోక్లస్ చనిపోయి అకిలీస్ ఏడుస్తుంటే, సముద్రం అడుగున ఉన్న తల్లికి ఆ ఏడుపు వినపడి, అక్కచెల్లెళ్లందరితో కలిసి గట్టుకి వచ్చే పేజీ ఉంది చూడండి, కొడుకు ఎక్కువ కాలం బతకడని ఆమెకి ముందే తెలుసు, ఆ కడుపుకోత చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

ఓడలవాళ్లని నీరియడ్లు కాపాడతారని చదివితే, మనవాళ్లు వేటకి పోతూ గంగమ్మని తలుచుకోవడం పాపే గుర్తుచేసింది.

ఇంకో నీరియడ్ గలటియా కథ రెండు పేజీల్లో తేల్చేశారు, ఇంకొంచెం ఉండాల్సింది. కాగితం మందంగా ఉంది, కుట్టు గట్టిది. అమ్మమ్మ పేరు వచ్చిన ప్రతిచోటా పాప పెన్సిల్‌తో టెథిస్ అని దిద్దేసింది.